అప్పీలు తేలేదాకా డిక్రీ అమలు ఆపించుకోవడం ఎలా: స్టే పిటిషన్‌కు సమగ్ర మార్గదర్శి

"అప్పీలు వేశాం కదా, ఇంక వాళ్లు ఏమీ చేయలేరు." దావా ఓడిపోయినవాళ్లలో చాలామంది ఈ ధీమాతోనే ఉంటారు. అమీనా (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) డెలివరీ వారెంటు (ఆస్తి స్వాధీనం చేయించమనే కోర్టు ఆదేశం) పట్టుకుని ఇంటి ముందుకు వచ్చాక కంగారు మొదలవుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ), 1908లో ఆర్డర్ 41 రూల్ 5 మొదలయ్యేదే ఈ మాటతో: అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ (తీర్పు ప్రకారం ఎవరికి ఏం దక్కాలో చెప్పే కోర్టు ఉత్తర్వు) అమలు ఆగదు. ఆగాలంటే విడిగా పిటిషన్ వేసి, కారణం చూపించి, అమలును ఆపే ఆర్డరు (స్టే) తెచ్చుకుని, దాన్ని కింది కోర్టుకు చేర్చాలి. వీటిలో ఏ ఒక్కటి మిగిలిపోయినా స్టే లేనట్టే.

ఇక్కడ చెప్పేదంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సివిల్ కోర్టుల్లోని మామూలు దావాల గురించి. రెంట్ కంట్రోల్, ఆర్బిట్రేషన్ అవార్డు, మోటారు ప్రమాద పరిహారం కేసులకు వాటి చట్టాలు, వాటి షరతులు వేరు. ఈ పద్ధతిని వాటికి అన్వయించుకోకండి.

1. ముందుగా గడువులు చూసుకోండి

జిల్లా కోర్టు లేదా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. ఇది మీ గడువు.

గెలిచినవాళ్లకు ఇలా ఆగాల్సిన పని లేదు. డిక్రీ వచ్చిన మర్నాడే దాన్ని అమలు చేయమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఈపీ) వేసుకోవచ్చు. డిక్రీ తేదీ నుంచి రెండేళ్ల లోపు ఈపీ వేస్తే ఆర్డర్ 21 రూల్ 22 కింద మీకు ముందుగా నోటీసు ఇవ్వాల్సిన అవసరం కూడా సాధారణంగా ఉండదు. దానికి తోడు, ఈపీలను ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈపీ ఏళ్ల తరబడి నానుతుందిలే అన్న పాత లెక్క వేసుకోకండి.

హైకోర్టు అప్పీలుకు 90 రోజులు ఉన్నాయి కదా అని 85వ రోజున వకీలు దగ్గరకు వెళ్లేవాళ్లు ఉంటారు. అప్పీలు గడువులోనే ఉంటుంది, స్టే అవకాశం మాత్రం సగం చేజారుతుంది. "ఇన్నాళ్లు ఏం చేశారు?" అన్నది స్టే విచారణలో జడ్జి అడగదగ్గ ప్రశ్న, చట్టంలోనే ఉన్న ప్రశ్న.

2. తీర్పు చెప్పిన రోజే చేయాల్సిన పనులు

కాపీ అప్లికేషన్ ఆ రోజే పడాలి. తీర్పుకూ డిక్రీకీ రెండింటికీ వేయండి. కాపీకి పట్టిన కాలాన్ని అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు. అయితే ఆ మినహాయింపును సర్టిఫైడ్ కాపీ మీద వేసే తేదీలను బట్టే లెక్కిస్తారు: అప్లికేషన్ ఎప్పుడు వేశారు, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది, ఎప్పుడు తీసుకున్నారు. స్టాంపులు అడిగాక మీరు తాత్సారం చేసిన రోజులు, సిద్ధమైన కాపీని తీసుకెళ్లని రోజులు మీ ఖాతాలోనే పడతాయి. అందుకే వకీలు గుమాస్తాను రోజూ కాపీయింగ్ సెక్షన్ నోటీసు బోర్డు చూడమనండి, మీరూ ఫోన్ చేసి కనుక్కోండి.

డిక్రీ ఇంకా తయారు కాలేదని ఆగిపోవద్దు. ఆర్డర్ 20 రూల్ 6ఏ ప్రకారం డిక్రీ సిద్ధం కాకపోయినా తీర్పు కాపీతో అప్పీలు వేయవచ్చు.

రెండో పని, చాలామంది వాడుకోనిది. ఆర్డర్ 41 రూల్ 5(2) కింద, అప్పీలు గడువు ముగిసేలోగా, తీర్పు ఇచ్చిన కోర్టునే స్టే అడగవచ్చు. అప్పీలు వేసుకునేందుకు వీలుగా కొద్ది వారాలు ఇచ్చినా అది పెద్ద ఊరటే. ఖాళీ చేయించే డిక్రీల్లో దీన్ని తప్పకుండా ప్రయత్నించాలని నా అభిప్రాయం. సామాను బయట పడ్డాక పై కోర్టులో స్టే కోసం వాదించడానికి ఏమీ మిగలదు.

మూడోది, ఈ-కోర్ట్స్ యాప్‌లో దావా సీఎన్ఆర్ నంబరుతో (ప్రతి కేసుకూ ఇచ్చే ప్రత్యేక నంబరు), మీ పేరుతో కూడా వెతుకుతూ ఉండండి. ఈపీకి కొత్త నంబరు పడుతుంది కాబట్టి పాత దావా పేజీ ఒక్కటే చూస్తే తెలియదు.

3. మీ డిక్రీ ఏ రకం? ఏం ఆపమని అడగాలి?

స్టే పిటిషన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అన్నిటికీ ఒకే మూసలో "డిక్రీ అమలును నిలిపివేయవలెను" అని రాసేస్తే కుదరదు.

*డబ్బు డిక్రీ (ప్రొనోటు, చీటీ, సరుకు బాకీ):* ఇందులో స్టే అంత తేలికగా రాదు. డబ్బు పోతే తిరిగి రాబట్టుకోవచ్చు అన్నది కోర్టు మొదటి ఆలోచన. ఆర్డర్ 41 రూల్ 1(3) ప్రకారం వివాదంలో ఉన్న మొత్తాన్ని కోర్టు ఇచ్చిన గడువులో డిపాజిట్ చేయాలి, లేదా కోర్టు ఒప్పుకునే సెక్యూరిటీ ఇవ్వాలి. అది చేయకపోతే స్టే ఇవ్వకూడదని రూల్ 5(5) చెబుతుంది. కాబట్టి ఖాళీ చేతులతో వెళ్లకండి.

*స్వాధీనం లేదా ఖాళీ చేయించే డిక్రీ:* ఇల్లు, కొట్టు పోతే అప్పీలుకే అర్థం లేకుండా పోతుంది కాబట్టి స్టేకు బలమైన కారణం ఉంటుంది. అయితే ఉచితంగా రాదు. ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఖాళీ చేయాలని డిక్రీ వచ్చాక స్టే మీద ఉండే కిరాయిదారు పాత అద్దెకే ఉంటానంటే కుదరదు. ఆ స్థలానికి బజారులో ఎంత అద్దె వస్తుందో ఆ లెక్కన చెల్లించమని షరతు పెట్టవచ్చు. చుట్టుపక్కల కొట్ల అద్దెలు ముందే కనుక్కుని, మీరు కట్టగల అంకె ఒకటి మనసులో పెట్టుకుని వెళ్లండి. లేకపోతే అవతలివాళ్లు చెప్పిన అంకె ఒక్కటే జడ్జి ముందు ఉంటుంది.

*స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ డిక్రీ (ఒప్పందం ప్రకారం ఆస్తి రాసివ్వమనేది):* రిజిస్ట్రేషన్ జరగకుండా ఆపడమే అసలు పని. మీరు సంతకం పెట్టకపోయినా కోర్టే సేల్ డీడ్ రాసి రిజిస్టర్ చేయించగలదు. ఆ తర్వాత ఆస్తి చేతులు మారితే చిక్కు మరింత ముదురుతుంది.

*భాగపంపిణీలో ప్రిలిమినరీ డిక్రీ (ఎవరి వాటా ఎంతో తేల్చేది; ఆస్తిని విడగొట్టేది తర్వాత వచ్చే ఫైనల్ డిక్రీ):* ఇక్కడ మొత్తం ప్రక్రియను ఆపమంటే కోర్టు ఒప్పుకోకపోవచ్చు. అడ్వొకేట్ కమిషనర్ కొలతలు, నివేదిక జరగనిచ్చి, ఫైనల్ డిక్రీ మాత్రం ఇవ్వకుండా ఆపమని అడగడం ఆచరణలో నిలబడే కోరిక.

*శాశ్వత ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దనే నిషేధ ఉత్తర్వు):* డిక్రీ అమలును సస్పెండ్ చేయమని, కుదరకపోతే యథాతథ స్థితి ఉంచమని అడగాలి. స్టే దొరికింది కదా అని గోడ లేపడం మొదలుపెట్టకండి. అప్పీలు ఓడిపోతే ఆ గోడ మీ ఖర్చుతోనే కూలుతుంది.

*మీ దావానే కొట్టేశారా?* అప్పుడు స్టే చేయడానికి ఏమీ ఉండదు. కొట్టివేతలో ఖర్చుల మొత్తం తప్ప అమలు చేసేది ఏదీ లేదు. మీకు కావాల్సింది అప్పీలులో ఆర్డర్ 39 రూల్స్ 1, 2 కింద తాత్కాలిక ఇంజంక్షన్. "నా దావా కొట్టేశారు, స్టే తెచ్చిపెట్టండి" అని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పిటిషన్ తప్పు నిబంధన కింద వేసి వారాలు పోగొట్టుకోకండి.

4. సెక్యూరిటీని పిటిషన్‌కు ముందే సిద్ధం చేసుకోండి

ఆర్డర్ వచ్చాక చూద్దాంలే అనుకుంటే షరతు గడువు కాగితాల వేటలోనే అయిపోతుంది. ముందుగా చేతిలో ఉండాల్సినవి:

☐ డిక్రీ మొత్తం లెక్క: అసలు, ఈ రోజు వరకు వడ్డీ, ఖర్చులు, విడివిడిగా
☐ డిపాజిట్ చేయగల నగదు ఎంత, ఎన్ని వారాల్లో
☐ సెక్యూరిటీగా ఇచ్చే ఆస్తి దస్తావేజు, తాజా ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)
☐ ఇంటి పన్ను రసీదు. పొలమైతే పట్టాదారు పాస్‌బుక్
☐ ఆస్తి విలువకు ఆధారం (రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ పత్రం సరిపోవచ్చు)
☐ వేరేవాళ్లు పూచీ ఉంటే వాళ్ల ఆధార్, ఆస్తి కాగితాలు, కోర్టుకు వచ్చి సంతకం చేస్తామన్న మాట
☐ బ్యాంకు గ్యారంటీ ఇస్తే బ్యాంకు నుంచి ముందస్తు సమ్మతి

ఇప్పటికే బ్యాంకులో తనఖా ఉన్న ఇంటిని సెక్యూరిటీగా చూపిస్తే అవతలి వకీలు ఈసీ తీసి బల్ల మీద పెడతారు. అలాంటిది చూపడం కన్నా చిన్నదైనా చిక్కులేని ఆస్తి చూపడం మేలు.

ఉదాహరణకు ప్రొనోటు దావాలో వడ్డీ, ఖర్చులతో కలిపి 7,40,000 రూపాయలకు డిక్రీ అయ్యిందనుకోండి. "ఆరు వారాల్లో సగం, అంటే 3,70,000 డిపాజిట్ చేస్తాను, మిగతా సగానికి ఫలానా సర్వే నంబరులోని స్థలం సెక్యూరిటీ ఇస్తాను" అని పిటిషన్‌లోనే రాయండి. బతిమాలుకోవడం కన్నా ఈ ఒక్క వాక్యానికి ఎక్కువ బలం ఉంటుంది. మీరే ప్రతిపాదిస్తే చర్చ మీ అంకె దగ్గర మొదలవుతుంది.

5. అఫిడవిట్‌లో ఏం రాయాలి

ఆర్డర్ 41 రూల్ 5(3) ప్రకారం కోర్టు మూడు విషయాల్లో సంతృప్తి పడాలి: స్టే లేకపోతే మీకు గణనీయమైన నష్టం, పిటిషన్‌లో అకారణ ఆలస్యం లేకపోవడం, డిక్రీ చివరికి ఎలా తేలినా నెరవేర్చడానికి సెక్యూరిటీ. అఫిడవిట్‌ను ఈ మూడు ముక్కలుగానే రాయించండి.

నష్టం గురించి రాసేటప్పుడు "పూడ్చలేని నష్టం కలుగును" అన్న మూస వాక్యంతో ఆపేయకండి. ఆ వాక్యం ప్రతి అఫిడవిట్‌లోనూ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇలా రాస్తే వేరుగా ఉంటుంది: "ఈ కొట్టులో 14 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. డ్రగ్ లైసెన్సు ఈ చిరునామా మీదే ఉంది. ఖాళీ చేస్తే కొత్త చిరునామాకు లైసెన్సు వచ్చేవరకు వ్యాపారం ఆగిపోతుంది." లైసెన్సు కాపీ జత చేయండి.

అతిగా రాసినా ముప్పే. "నా జీతమంతా జప్తు అవుతుంది" అని రాస్తే, సీపీసీ సెక్షన్ 60 కింద మామూలు డబ్బు డిక్రీలో జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు జప్తు కావని జడ్జికి తెలుసు. ఒక్క మాట తేలిపోతే మిగతావాటి మీద కూడా నమ్మకం పోతుంది.

ఈపీ ఏ దశలో ఉందో దాచకండి. వేలం తేదీ పడి ఉంటే ఆ తేదీ మొదటి పేరాలోనే ఉండాలి. అది దాచి స్టే తెచ్చుకుంటే, రద్దు చేయించడానికి అవతలివాళ్లకు అదే ఆయుధం.

అప్పీలులో గెలిచే అవకాశం గురించి రెండు మూడు పాయింట్లు చాలు. అప్పీలు మెమోలోని 40 గ్రౌండ్లూ (అప్పీలు కారణాలు) ఇక్కడ మళ్లీ దించొద్దు.

6. ఫైలింగ్, మొదటి విచారణ

ఫైలులో ఉండాల్సినవి: అప్పీలు మెమో, కోర్టు ఫీజు, తీర్పు, డిక్రీ కాపీలు, వకాలతు, స్టే పిటిషన్ (ఐఏ, అంటే కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర పిటిషన్), అఫిడవిట్, ఈపీ కాగితాలు. కోర్టు ఫీజు దావాలో మాదిరే అప్పీలు విలువను బట్టి కట్టాలి. పెద్ద మొత్తమైతే ఆ డబ్బు సర్దుబాటుకే రోజులు గడిచిపోతాయి, ముందే చూసుకోండి.

ఆఫీసు అభ్యంతరాలతో ఫైలు "రిటర్న్" అవడం మామూలే. ప్రమాదమేమిటంటే రిటర్న్ అయిన ఫైలు వకీలు బీరువాలో పడుకుంటుంది, మీరేమో స్టే వచ్చేస్తుందని అనుకుంటూ ఉంటారు. అప్పీలు నంబరు పడిందా, ఐఏ నంబరు పడిందా అని రెండూ అడగండి.

గడువు దాటాక అప్పీలు వేస్తే ఇంకో అడ్డంకి ఉంది. ఆర్డర్ 41 రూల్ 3ఏ ప్రకారం ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ పెండింగ్‌లో ఉండి, అప్పీలు వినాలని కోర్టు నిర్ణయించేదాకా స్టే ఇవ్వడానికి లేదు. పది రోజుల ఆలస్యం కూడా ఇలా నెలల తరబడి మిమ్మల్ని స్టే లేకుండా నిలబెట్టగలదు. ఈ దశలో ఉన్నవాళ్లు ఆలస్యం పిటిషన్‌ను త్వరగా వినమని అడగడం మీదే శ్రద్ధ పెట్టాలి.

అవతలివాళ్లు సీపీసీ సెక్షన్ 148ఏ కింద కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే పిటిషన్) వేసి ఉంటే వాళ్లకు కాపీ ఇవ్వకుండా ముందుకు వెళ్లలేరు. కేవియట్ 90 రోజులు అమల్లో ఉంటుంది. ఫైలింగ్ రోజే కేవియట్ ఉందో లేదో చూసి, కాపీ అందజేసినట్టు రుజువు పెట్టుకోండి. కేవియట్ లేకపోతే రూల్ 5(4) కింద అవతలివాళ్లను వినకుండానే మధ్యంతర స్టే ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది. మర్నాడే డెలివరీ ఉంటే హైకోర్టులో లంచ్ మోషన్ (అదే రోజు భోజన విరామం తర్వాత వినమనే అత్యవసర కోరిక) అడగమని వకీలుతో చెప్పండి. నిజంగా అత్యవసరమని చూపే కాగితం, అంటే వారెంటు లేదా వేలం ప్రకటన, చేతిలో ఉండాలి.

7. ఆర్డరు వచ్చిన గంటల్లో చేయాల్సింది

స్టే ఇచ్చారని వకీలు ఫోన్ చేయగానే స్వీట్లు పంచేస్తారు. ఇంకా ఒక మెట్టు ఉంది. ఆర్డర్ 41 రూల్ 5 కింద ఉన్న వివరణ (ఎక్స్‌ప్లనేషన్) ప్రకారం స్టే ఆర్డరు కింది కోర్టుకు తెలియజేసిన తేదీ నుంచే పని చేస్తుంది. పై కోర్టులో ఉదయం స్టే వచ్చి, ఆ కబురు తెలియని కింది కోర్టు మధ్యాహ్నం వేలం కొట్టేస్తే, ఆ వేలాన్ని రద్దు చేయించుకోవడం వేరే పోరాటం.

ఆ వివరణలోనే దీనికి మందు ఉంది. ఆర్డరు కాపీ వచ్చేలోగా, స్టే ఇచ్చారని మీ స్వంత ఎరుకతో ప్రమాణం చేసిన అఫిడవిట్ వేస్తే కింది కోర్టు దాన్ని అంగీకరించి ఆగాలి. అందుకే విచారణ రోజు మీరు కోర్టు హాల్లో ఉండటం మంచిది. చెవులారా విన్నారు కాబట్టి ప్రమాణం చేయగలరు. విదేశాల్లో ఉన్నవాళ్లు జీపీఏ (తమ తరఫున వ్యవహరించే అధికారపత్రం) ఇచ్చినవాళ్లను ఆ రోజు హాల్లో ఉంచి, అఫిడవిట్ వాళ్ల చేతే వేయించాలి.

☐ ఈపీ కోర్టులో మెమో, అఫిడవిట్
☐ వెబ్‌సైట్‌లో ఆర్డరు పడితే ప్రింటు జత
☐ అవతలి వకీలుకు కాపీ, అందినట్టు సంతకం
☐ అమీనా బయల్దేరి ఉంటే ఆయనకూ ఒక ప్రింటు
☐ సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్

8. షరతు, తేదీ: స్టే నిలబడేది వీటి మీదే

ఆర్డరును చివరి వాక్యం దాకా చదవండి. "ఎనిమిది వారాల్లో సగం మొత్తం డిపాజిట్ చేయాలి, లేనిపక్షంలో స్టే దానంతటదే రద్దగును" అని ఉంటే ఆ తేదీని క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాసుకోండి. డబ్బు సర్దుబాటు కాదనిపిస్తే గడువు ముగియకముందే పొడిగింపు పిటిషన్ వేయాలి.

మధ్యంతర స్టే చాలాసార్లు ఫలానా వాయిదా వరకే ఉంటుంది. ఆ వాయిదాకు వకీలు రాకపోయినా, "పొడిగించడమైనది" అన్న మాట డాకెట్‌లో (ఆ రోజు కేసులో ఏం జరిగిందో కోర్టు రాసే నమోదు) పడకపోయినా స్టే అక్కడితో ముగుస్తుంది. వాయిదా సాయంత్రం ఆన్‌లైన్‌లో రోజువారీ ఆర్డరు చూసుకోండి.

ఆరు నెలలు దాటితే స్టే దానంతటదే పోతుందని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. అది 2018 నాటి సుప్రీంకోర్టు ఏషియన్ రీసర్ఫేసింగ్ తీర్పులోని మాట. 2024 ఫిబ్రవరి 29న అదే కోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం దాన్ని పక్కన పెట్టింది. అయితే అప్పీలునే గైర్హాజరీ కింద కొట్టేస్తే స్టే కూడా దాంతోపాటే పోతుంది.

డిపాజిట్ విషయంలో ఇంకో మెలిక. స్టే షరతుగా కట్టిన డబ్బు డిక్రీ బాకీ తీర్చినట్టు కాదు. అప్పీలు ఓడిపోతే ఆ మొత్తం మీద కూడా వడ్డీ అడగవచ్చు. కోర్టులో ఊరికే పడి ఉండకుండా జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించమని అదే పిటిషన్‌లో కోరండి.

9. స్టే రాకపోతే, లేదా ఆలస్యమైపోతే

స్థిరాస్తి వేలానికి ఆర్డరై ఉంటే, అప్పీలు పెండింగ్‌లో ఉందని చూపించి ఆర్డర్ 41 రూల్ 6(2) కింద వేలం ఆర్డరు ఇచ్చిన కోర్టునే ఆపమని అడగవచ్చు. సెక్యూరిటీ తదితర షరతులు కోర్టు ఇష్టం, వేలం ఆపడం మాత్రం కోర్టు చేయాల్సిందేనన్నట్టు ఉంటుంది ఆ నిబంధన. పై కోర్టు చుట్టూ తిరుగుతూ దీన్ని మరిచిపోతారు.

డిక్రీ అమలు కోసం వేరే కోర్టుకు బదిలీ అయ్యుంటే, ఆర్డర్ 21 రూల్ 26 కింద ఆ కోర్టు కొంత కాలం ఆగగలదు, మీరు పై కోర్టుకు వెళ్లి ఆర్డరు తెచ్చుకునేందుకు.

వేలం జరిగిపోయిందా? జరిగిన తేదీ నుంచి 60 రోజుల్లో ఆర్డర్ 21 రూల్ 89 కింద వేలం ప్రకటనలోని బాకీ మొత్తం, దానికి తోడు కొన్నవారికి వేలం ధరలో 5 శాతం కట్టి వేలం రద్దు చేయించుకోవచ్చు.

స్వాధీనమే పోయి ఉంటే స్టే పిటిషన్‌ను నడిపించడం దండగ. అప్పీలును త్వరగా వినమని పిటిషన్ వేయండి. ఆస్తి అమ్మకుండా, కట్టడం మార్చకుండా ఆర్డర్ 39 కింద ఉత్తర్వు అడగండి. అప్పీలు గెలిచాక సీపీసీ సెక్షన్ 144 కింద పోయినదాన్ని, మధ్యకాలపు ఆదాయంతో సహా, తిరిగి ఇప్పించమని దావా మొదట నడిచిన కోర్టునే కోరవచ్చు. ఆ రోజు కోసం ఇప్పుడే పంచనామా కాపీ, స్వాధీనం ఇచ్చిన రోజు ఫొటోలు, తీసుకెళ్లిన సామాను జాబితా, అద్దె ఆధారాలు ఒక ఫైలులో పెట్టుకోండి.